రింగర్ వేసిన తడి ఓటు

మార్చి 3, మంగళవారం

నువ్వు దొంగవి. నా సొరుగు లాగి ఈ పుస్తకం చదువుతున్నావు కాబట్టి కాదు, అది చిన్న దొంగతనం. నాలుగు కిలోల కుక్క గోళ్ళు కొడవళ్ళలా వంకర తిరిగి, టకటకమని చప్పుడు చేస్తూ వీధిలో నడుస్తుంటే నువ్వు చూశావు. "పాపం" అన్నావు. అని రొట్టెల కొట్టులోకి వెళ్ళిపోయావు. పాపం అనేసి దాటిపోవడమే ఈ ఊరి మతం. నీ తప్పు నీ మొహాన చెప్పేవాళ్ళు లేక మంచివాడిననుకుని బతికేస్తున్నావు.

సరే. ఇది ఎవరూ చదవరు. నాకోసమే రాసుకుంటున్నాను. ప్రతి బుధవారం పత్రికలో నది నీళ్ళ గురించీ, మూతపడ్డ కాన్పుల వార్డు గురించీ నిప్పులు చెరిగే గ్లెనిస్ హాడో, కుక్క గోళ్ళ గురించి రాసిందంటే కంపోజింగ్ వాళ్ళు కూడా నవ్వుతారు.

జరిగింది ఇది. పొద్దున పదింటికి లైల్ పక్కింటావిడ ఒక అట్టపెట్టె నా గుమ్మంలో దింపింది. కారు ఇంజన్ కూడా ఆపలేదు. లైల్ ట్రాక్టర్ మీంచి పడ్డాడట. వెన్నుకి ఆపరేషన్ అయిందట. వాగా ఊరి ఆసుపత్రిలో ఆరు వారాలు ఉండాలట. కుక్కని నాకే ఇమ్మన్నాడట.

లైల్ మా అన్న. ఇరవై ఆరేళ్ళుగా మా మధ్య మాటల్లేవు. తప్పు వాడిది.

కుక్క పేరు రింగర్. గొర్రెల షెడ్డులో అందరికన్నా వేగంగా ఉన్ని కత్తిరించే మొనగాడిని రింగర్ అంటారు. గాలికి కంచెతీగ వణికినట్టు పొద్దస్తమానం వణికే ఈ ఆడకుక్కకి ఆ పేరు పెట్టడం లైల్ మార్కు వేళాకోళం. చెవులు మాత్రం గబ్బిలం రెక్కల్లా ఉన్నాయి, వెలుతురు పడితే నరాలు కనిపిస్తాయి. పెట్టె మూత లోపలివైపు పెన్సిల్‌తో రాశాడు: "గోళ్ళు తీయాలి. ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఎల్."

దయచేసి అన్న మాట లేదు. ఎలా ఉన్నావు అన్న మాట లేదు.

చెయ్యి పెట్టాను. అది అరవలేదు, కరవలేదు. మూలకి ఒదిగి, నాలుగు కాళ్ళూ పొట్ట కిందికి లాక్కుని, నన్ను చూసింది. మంత్రులు, బ్యాంకులు, నీటి బోర్డులు, నా జన్మలో నాకు కుదరదని చెప్పినవాళ్ళు చాలామంది. కానీ ఇంత చిన్న ఒంట్లో ఇంత పెద్ద "కుదరదు" నేనెక్కడా చూడలేదు. టీ నీళ్ళు మరిగి ఆవిరైపోయేదాకా అక్కడే నిలబడిపోయాను.

మార్చి 4

పొయ్యి కింద దూరింది. రోజంతా అక్కడే.

మార్చి 6, శుక్రవారం

పశువుల డాక్టరు రెండు వారాలకోసారి వస్తుంది, సంత మైదానంలో వ్యాను నిలుపుతుంది. పేరు బ్రైడీ. ముప్పై ఏళ్ళుండవు. రింగర్‌ని బల్లమీద నిలబెట్టి, ముందరి కుడికాలు ఎత్తి చూపించింది. మిగతా గోళ్ళు నేలకి ఎంతో కొంత అరుగుతాయి. పైనుండే బొటనగోరు నేలకి తగలదు. అది గుండ్రంగా తిరిగి, మొన చర్మాన్ని తాకి ఆగి ఉంది. ఇంకో రెండు వారాలు ఇలాగే వదిలేస్తే మాంసంలోకి దిగుతుందంది. దిగితే చీము, చీముతోపాటు జ్వరం, ఈ గుండె దాన్ని తట్టుకోలేదంది.

"ఈ గుండె" ఏమిటన్నాను. గొట్టం నా చెవులకి పెట్టింది. లబ్ డబ్ అనాల్సిన చోట మధ్యలో బుస్సుమని ఒక చప్పుడు, సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు. పిడికెడంత గూటిలో అంత గాలివాన. దాని మొహం చూస్తే ఏమీ తెలియదు. అది ఇన్నేళ్ళూ ఆ గాలివానని మోసుకుంటూ తిరుగుతోందా?

బ్రైడీ కత్తెర తీసి కాలు గట్టిగా పట్టుకుంది. పది సెకన్లు కూడా కాలేదు, రింగర్ చిగుళ్ళు నీలం తిరిగాయి. వెంటనే వదిలేసింది.

"చూశారా? కత్తెర కాదు దీన్ని చంపేది. పట్టుకోవడం," అంది. "మళ్ళీ ఇరవయ్యో తేదీన వస్తాను. ఈలోగా ఆ బొటనగోరు ఒక్కటైనా మీరు తీయగలిగితే బతికిపోతాం. లేదంటే మత్తు ఇవ్వాలి. ఇస్తే లేస్తుందని నేను మాట ఇవ్వలేను."

పల్లెటూళ్ళకి రెండు వారాలకో డాక్టరేమిటి, నగరంలో కుక్కలకి గుండె డాక్టర్లు వేరే ఉంటారటగా అని ఆ పిల్లకి అరగంట చదివాను. అరగంటా వింది. రింగర్ మాత్రం వ్యాను చక్రం వెనక్కి వెళ్ళి దాక్కుంది. కత్తెర ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది కదా, అందుకు.

మార్చి 7

వెజిమైట్ పూసిన చెంచా ఎర చూపించాను. రొట్టెకి పూసుకునే ఆ ఉప్పటి నల్లముద్దకి ఈ దేశంలో లొంగని నోరు లేదు. చెంచా నాకింది. కత్తెర ఎత్తగానే పొయ్యి కింద. మళ్ళీ చెంచా. మళ్ళీ పొయ్యి. జాడీ సగమైంది, గోరు ఒక్కటీ తెగలేదు.

మార్చి 8, ఆదివారం

నిద్రపోతుండగా ప్రయత్నించాను. అది నిద్రపోదు. కళ్ళు మూసుకుంటుంది, అంతే. చెవులు రెండూ కాపలా ఉంటాయి.

దానితో సవ్యంగా మాట్లాడి చూశాను. గోరు తీయకపోతే ఏమవుతుందో మొదటి నుంచీ వివరించాను. కారణాలు చెప్పాను. నా గొంతు కొంచెం పెద్దదే, ముప్పై ఏళ్ళు మైకు లేకుండా మాట్లాడిన గొంతు. దానికి నేనంటే భయం లేదు. కత్తెరంటేనే.

మార్చి 10, మంగళవారం

ఇది రాయకపోతే నిద్ర పట్టదు. రాస్తే పడుతుందనీ లేదు.

నెవ్ వచ్చాడు. డెబ్భై దాటినవాడు, మా షెడ్డులో ఒకప్పుడు మొదటి స్థానంలో నిలబడినవాడు. నేను ఆ షెడ్డు కూలీలకి వంట చేసే రోజుల్నుంచీ స్నేహం. బ్రైడీ చెప్పింది చెప్పాను. నెవ్ నవ్వాడు. పట్టుకోవడమంటే ఆ చదువుకున్న పిల్లకేం తెలుసన్నాడు. నాకూ అలాగే తోచింది. లక్షల గొర్రెలు ఆ మోకాళ్ళ మధ్య కూర్చుని లేచి వెళ్ళాయి. డాక్టరుకి పట్టా ఉంటే ఉంది, చేతులకి తెలిసిందానికి పట్టా ఎవరిస్తారు? శ్రామికుడి జ్ఞానమంటే పై తరగతికి లోకువ అని రెండు మాటలు నేనే అందించాను కూడా.

"కుక్కయితే ఏంటి గ్లెన్," అన్నాడు. "ఉన్ని తక్కువైన గొర్రె. అంతే."

గొర్రెని ఎలా పడతారో అలాగే పట్టాడు. పిర్రల మీద కూర్చోబెట్టి, వీపు తన మోకాళ్ళకి ఆనించి, ముంగాళ్ళు గాల్లో వేలాడేలా వెనక్కి వాల్చాడు. గొర్రెకి ఆ భంగిమ పడిందంటే పోరాటం అయిపోయినట్టే, గోనెసంచిలా ఉండిపోతుంది. రింగర్ కూడా ఉండిపోయింది. వణుకు కూడా ఆగింది. ఈ వారం రోజుల్లో దాని ఒళ్ళు నిశ్చలంగా ఉండడం అదే మొదటిసారి చూడడం. నెవ్ నావైపు కన్ను గీటాడు. నేను వంటింట్లో చప్పట్లు కొట్టాను. కొట్టాను, రాసుకుంటున్నాను.

మొదట చేతికి అందిన గోరు పట్టుకున్నాడు, నల్లది. తెల్లగోట్లో అయితే లోపల నెత్తురు ఎంతదాకా ఉందో కనిపిస్తుంది. నల్లదాంట్లో కనపడదు. కత్తెర నొక్కాడు. ఎర్రగా చిమ్మింది.

"తారు!" అని అరిచాడు నెవ్.

నా వంటింట్లో. షెడ్డులో గొర్రె తెగితే గాయానికి పూయడానికి తారు డబ్బా తెమ్మని అరిచే అరుపు. రిటైరై ఏళ్ళు గడిచినా అతని నోట్లోంచి పోలేదు. నేను నవ్వబోయాను. అప్పుడు చూశాను దాని నాలుక. పలకబండ రంగు. కళ్ళు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని చూడడం లేదు.

నెవ్ దాన్ని నేలమీద పడుకోబెట్టాడు, గుడ్డు పెట్టినట్టు. ఇద్దరం మోకాళ్ళమీద కూర్చున్నాం. ఊపిరి లేదు. తర్వాత ఒకటి వచ్చింది. తర్వాత చాలాసేపటికి ఇంకొకటి. నెత్తురు ఆగడానికి నేను మొక్కజొన్న పిండి తెచ్చి గోటికి అద్దాను, తొందరలో సగం పిండి నేలపాలైంది. మూడోది, నాలుగోది. నాలుక గులాబీ రంగుకి తిరుగుతుంటే చూశాను. సూర్యోదయాలు చాలా చూశాను. దీని ముందు అవన్నీ పోస్టుకార్డులు.

నెవ్ లేవలేదు.

"ఊరుకుందనుకున్నా గ్లెన్," అన్నాడు. "ఊరుకోలా. చచ్చిపోడానికి సిద్ధపడింది. గొర్రెలు కూడా అంతేనంటావా? ఇన్నేళ్ళూ?"

నేను నేలమీది పిండి ఊడవడం మొదలుపెట్టాను, నెవ్ టోపీ తీసుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, లైల్ దీనికి ఎలా తీస్తాడో లైల్‌నే అడుగు అన్నాడు. ఆ పేరు నా ఇంట్లో ఎత్తొద్దన్నాను.

"ఎనభై ఐదు నుంచీ నేనూ వెడల్పు దువ్వెనే వాడా," అన్నాడు. "నాతో మాట్లాడతావుగా."

మార్చి 11

ఇంత జరిగినా కరవలేదు. కరిచి ఉంటే బావుండేది.

మార్చి 12, గురువారం

వచ్చే బుధవారానికి కాలమ్ పూర్తయింది. ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కు మీద. పని చేసేవాడు వద్దంటే వద్దనే, కారణం చెప్పాల్సిన పని కూడా లేదు అన్నాను. గట్టి వ్యాసం. అలవాటుగా బల్ల గుద్దుతూ పైకి చదివాను. రింగర్ పొయ్యి కింద నుంచి స్నానాల గదికి మకాం మార్చింది. కత్తెర బల్లమీదే మరిచిపోయాను కదా. అందుకే అయుంటుంది.

మార్చి 13

నెవ్ అన్న ముక్క గుచ్చుకుంటోంది కాబట్టి రాసి పారేస్తాను.

పంతొమ్మిది వందల ఎనభై మూడు. ఉన్ని కత్తిరించే మిషను కొనకి బిగించే దువ్వెన రెండున్నర అంగుళాలు మించకూడదని మా రూలు. వెడల్పు దువ్వెన వస్తే ఒకడే ఇద్దరి పని చేస్తాడు, రెండోవాడు ఇంటికి పోతాడు, రేటు పడిపోతుంది. సమ్మె చేశాం. పది వారాలు. నేను శిబిరంలో వంట చేశాను, ఇంగ్లీషు అక్షరం సరిగ్గా రానివాళ్ళకి కరపత్రాలు చదివి వినిపించాను. ఆరోవారంలో లైల్ వెడల్పు దువ్వెన జేబులో వేసుకుని మా మధ్యలోంచి నడిచి షెడ్డులోకి వెళ్ళాడు. ఆ శనివారం పబ్ గుమ్మంలో అందరి ముందూ వాణ్ణి ఒక మాట అన్నాను. సమ్మె విరిచినవాణ్ణి మావాళ్ళు అనే మాట. ఒకసారి తగిలితే మనవల దాకా పోదు. అప్పుడు వాడి భార్య కడుపుతో ఉంది, మంచం దిగకూడదన్నారు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

తర్వాత తెలిసింది అని రాశాను. లేదు. తెలుసు.

ఇప్పుడు అందరూ వెడల్పు దువ్వెనే వాడతారు. దానికి నేనేం చేయను?

బొటనగోరు మొన దగ్గర చర్మం ఎర్రబడింది. ఇంకా వారం ఉంది.

మార్చి 15, ఆదివారం

వాగా వెళ్ళాను. కుక్క కోసం.

రెండున్నర గంటలు కారులో అది పక్కసీటు కింద, నేను రేడియో పెట్టకుండా. ఆసుపత్రి పెరట్లో కుక్కల్ని రానిస్తారు. పెద్ద చెట్టు నీడలో చక్రాల కుర్చీలో కూర్చున్న ముసలాడెవరో అనుకున్నాను. మా నాన్న చెవులు కనిపించేసరికి లైల్ అని తెలిసింది. యాభై తొమ్మిదేళ్ళే వాడికి. నడుముకి తోలు పట్టీ. కుడిచెయ్యి ఒళ్ళో ఎవరిదో వస్తువులా పెట్టుకున్నాడు.

నన్ను చూసి పక్క కుర్చీలో ఉన్నాయన వైపు తిరిగి, "చెరువులో బాతులు దిగాయి, నోరు జాగ్రత్త," అన్నాడు. ఆడది షెడ్డులోకి అడుగుపెడితే మగాళ్ళు బూతులు ఆపమని ఒకరికొకరు వేసుకునే కేక అది. వంటమనిషిగా రోజుకి నాలుగుసార్లు వినేదాన్ని. ఒళ్ళు మండేది. ఇవాళ మండలేదు, ఎందుకో.

"బావున్నావా, కామ్రేడ్," అన్నాడు.

"గోళ్ళ సంగతి చెప్పు," అన్నాను.

జరిగిందంతా చెప్పాను, నెవ్ సంగతితో సహా. రింగర్ నేను తెచ్చిన బుట్టలోంచి దూకి, వాడి పాదాల దగ్గర కూర్చుని, ఎక్కించమన్నట్టు చూసింది. పక్కాయన ఎత్తబోయాడు. లైల్ వద్దని తల ఊపి, ఎడమచేత్తో తొడమీద నెమ్మదిగా తట్టాడు. అది కాసేపు ఆలోచించుకుంది. తర్వాత తనే దూకింది.

"తడి ఓటు గుర్తుందా?" అని అడిగాడు.

గుర్తుండకపోవడమేమిటి. వాన పడితే ఉన్ని తడిసి ఉంటుంది, తడి గొర్రెల్ని కత్తిరిస్తే కీళ్ళు పట్టేస్తాయి, సెగ్గడ్డలు లేస్తాయి. అందుకని ఒక్కొక్కడు రెండేసి గొర్రెల్ని కత్తిరించి, చీటీమీద తడి అనో పొడి అనో రాసి టోపీలో వేస్తాడు. తడికి ఎక్కువ వస్తే ఆ రోజు పని లేదు. యజమాని రాళ్ళు మింగినా లేదు. ఎవరు ఏం రాశారని ఎవరూ అడగరు. నాకు ఈ లోకంలో నచ్చిన కొద్దిపాటి చట్టాల్లో అదొకటి. వాడికి అదంతా నేను వివరించడం మొదలుపెట్టాను.

"గ్లెన్. నాకు తెలుసు. నేనూ వేశా ఆ ఓట్లు," అన్నాడు. "దీనికీ అదే. కత్తెర నేలమీద పెడతా, అది చూసేట్టు. చెయ్యి ఇలా చాపి కూచుంటా. కాలు పెడితే పొడి. పెట్టకపోతే తడి. తడి అయితే ఆ రోజుకి అంతే, లేచి వెళ్ళి నా పని నేను చూసుకుంటా. మొదటి నెలంతా తడే. ఇద్దరికీ టోపీ ఒకటే, ఓటు మాత్రం దానిది."

"చెప్పి పంపొచ్చుగా ఆ ముక్క? పెట్టె మీద రాయొచ్చుగా?"

"నీకు చెప్పాలా? కుదరదన్నవాళ్ళ పక్షం నీది కదా. ఇరవై ఆరేళ్ళుగా ప్రతి బుధవారం చదువుతున్నా. జిల్లా మొత్తంలో దీని మాట వినేది నువ్వొక్కదానివే అనుకుని పంపా."

నేను ఏదో అనడానికి నోరు తెరిచాను. కత్తెర, వెజిమైట్, నెవ్ మోకాళ్ళు, చప్పట్లు. అది సమ్మెలో ఉంది. పన్నెండు రోజులుగా సమ్మెలో ఉంది. నేను యజమానిని.

నోరు మూసుకున్నాను.

"అలా ఉండు," అన్నాడు లైల్. "నువ్వు మాట్లాడితే చెవులు వెనక్కి పెడుతుంది, చూశావా? ఎప్పుడూ చూళ్ళేదా?"

తర్వాత వాడు ఎడమ అరచెయ్యి చాపాడు. ఎంతసేపో తెలియదు. ఆసుపత్రి వంటగదిలోంచి వేపుడు వాసన వచ్చింది, పక్కాయన నిద్రపోయాడు. రింగర్ వాడి చేతిని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ చేతిని చూసింది. వెనకకాలు ఒకటి తీసి, తేలిగ్గా, ఒక తాళంచెవి అప్పగించినట్టు, ఆ చేతిలో పెట్టింది.

లైల్ ఆ కాలిని ఎండకి ఎత్తి నన్ను వంగి చూడమన్నాడు. తెల్లగోరు. వెలుతురు దాన్ని దాటి వస్తోంది, కొవ్వొత్తి మైనంలోంచి వచ్చినట్టు. లోపల గులాబీరంగు నరం ఒకటి, దారప్పోగంత, కొనకి కొంచెం ముందే ఆగిపోయి ఉంది. దాంట్లో ఏదో కదిలింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతోంది. ఆ బుస్సుమనే గుండె, అన్ని దారులూ దాటుకుని, ఇక్కడిదాకా, గోటి చివరిదాకా నెత్తురు పంపిస్తోంది. ఎవరూ చూడని చోటికి కూడా. ఒక్కసారీ మానకుండా. దేవుడి గురించి నాకున్న అభిప్రాయం మారలేదు. కానీ ఆ చెట్టుకింద నా తల మీద టోపీ ఉంటే తీసి ఉండేదాన్ని.

"ఆ నరానికి ఇవతల, గోధుమగింజంత వదిలి," అన్నాడు. కత్తెర వాడు తీసుకోలేదు. కుడిచేతి వేళ్ళు ముడవడం లేదని అప్పుడు చూశాను. వాడు చూపించలేదు, నేనే చూశాను. పడకముందు నెలల నుంచే ఆ చెయ్యి పట్టు తప్పిందట, గోళ్ళు అంత పెరిగింది అందుకే.

నా అరచెయ్యి చాపాను. రింగర్ కాలు వెనక్కి తీసుకుంది.

"తడి," అన్నాడు లైల్.

మార్చి 16

కత్తెర నేలమీద. పెరటి మెట్టు మీద నేను. గంట.

తడి.

మార్చి 17

తడి.

గంట మౌనంగా కూర్చోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. మొదటి పది నిమిషాలు నీటి బోర్డుతో మనసులో వాదించాను. తర్వాత లైల్‌తో. తర్వాత ఇద్దరూ అయిపోయారు. అప్పుడు రింగర్ కనిపించింది. దాని పక్కటెముకల మధ్య చర్మం గుండెతోపాటు లేచి పడుతోంది. అది ఈగని చూస్తుంది. గాలి వస్తే ముక్కు ఎత్తుతుంది. ప్రతిసారీ మొత్తం ఒంటితో. నేనెప్పుడు అలా దేన్నైనా చూశాను?

బొటనగోరు చుట్టూ వాచింది. మూడు రోజులు.

మార్చి 18, బుధవారం

నిరాకరించే హక్కు మీద నా వ్యాసం ఇవాళ అచ్చయింది. చదవబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం రెండుంపావుకి అది నా అరచేతిలో ఎడమకాలు పెట్టింది.

బొటనగోరు వాచిన కాలు కాదు, రెండోది. ఎంత బరువు? పిచ్చుక వాలినంత. మెత్త కింద వేడిగా, ఎండలో కాసేపు పెట్టిన రాయిలా. నేను ఊపిరి బిగబట్టాను, అది బిగబట్టలేదు. ఒక తెల్లగోరు, గోధుమగింజంత వదిలి, టిక్. అంతే. తెగిన ముక్క మెట్టు మీద పడింది, అర్ధచంద్రుడు. దాని కాలు ఇంకా నా చేతిలోనే ఉంది. రెండోది కూడా తీసేద్దామా అనిపించింది. వాపు గుర్తొచ్చింది, రెండు రోజులే ఉందని గుర్తొచ్చింది, ఆ కాలు కూడా పట్టేసుకుంటే అయిపోతుందనిపించింది. వేళ్ళు ముడుచుకోబోయాయి కూడా.

అది చూసింది. కాలు తీసుకుంది.

కోపం రాలేదు. దాని లెక్క న్యాయంగా ఉంది.

మార్చి 19, గురువారం

పొద్దున తడి.

రేపు బ్రైడీ వస్తుంది, మత్తుసూది తెస్తుంది. మధ్యాహ్నం మళ్ళీ కూర్చున్నాను. గంటయింది. గంటన్నర. కుడికాలు మోపకుండా కుంటుతూ పెరడంతా ఒకసారి తిరిగింది. నెవ్ గేటు దగ్గరికి వచ్చి, మమ్మల్ని చూసి, లోపలికి రాకుండా కంచెకి ఆనుకుని నిలబడ్డాడు. నన్ను పలకరించలేదు. నలభై ఏళ్ళ స్నేహంలో ఆయన నాకు చేసిన గొప్ప మర్యాద అది.

నాకు దాన్ని బతిమాలాలనిపించింది. "నీకోసమే" అనాలనిపించింది. నేను ప్రపంచానికంతటికీ చెప్పే మాటే అది. ఇంతవరకు ఎవరూ తమంతట తాము నాకు చెయ్యి ఇవ్వలేదని అప్పుడు తట్టింది. ఓడించాను, ఒప్పించాను, నోరు మూయించాను. ఎవరైనా ఇచ్చారా?

అనలేదు. చెయ్యి చాపి, వేరేవైపు చూశాను.

నొప్పి కాలు. వాచిన కాలు. దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఎవరైనా తమకి నొప్పిలేని చెయ్యి ఇస్తారు. నొప్పి ఉన్నచోటే ఇచ్చింది. వణుకుతూనే ఇచ్చింది. భయం పోయి కాదు, భయంతోనే, భయాన్ని కూడా నా చేతిలో పెట్టి. నేను వేళ్ళు ముడవలేదు. అది ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు, దానికీ తెలుసు, నాకూ తెలుసు. మొన కింద కత్తెర దూరడానికి ఒక్క వెంట్రుకంత సందు. నల్లగోరు. వెలుతురుకి తిప్పినా ఏమీ కనపడలేదు. గుడ్డిగా, కొనలో కొన, టిక్. నెత్తురు లేదు. ఇంకొంచెం. టిక్. వంకర తిరిగిన ముక్క ఉంగరంలా ఊడి వచ్చింది. దాని కింద చర్మంలో చిన్న గుంట, ఎర్రగా, ఇంకా తెగలేదు.

రింగర్ ఆ చోటు నాకింది. తర్వాత నా బొటనవేలు నాకింది, పక్కనే ఉంది కాబట్టి.

కంచె దగ్గర నెవ్ టోపీ తీసి ఉన్నాడు. మొహం తుడుచుకుంటున్నాడని చూడనట్టు ఊరుకున్నాను. నా మొహం ఆయనా అలాగే వదిలేశాడు.

మార్చి 20, శుక్రవారం

సూది పెట్టెలోనే ఉండిపోయింది. ఎలా తీశారు అని బ్రైడీ అడిగింది. చెప్పాను, మూడు వాక్యాల్లో. ఇంకేమైనా చెప్తానేమోనని కాసేపు ఎదురుచూసింది పాపం.

మార్చి 22, ఆదివారం

లైల్ ఫోన్ చేశాడు. గోటి సంగతి నెవ్ ముందే చెప్పేశాడట. కాసేపు ఇద్దరం గొర్రెల ధర గురించి మాట్లాడుకున్నాం. తర్వాత చెప్పాడు, కుడిచెయ్యి ఇక రాదని డాక్టర్లు తేల్చేశారట. నడుస్తాడు, కానీ కత్తెర పట్టలేడు. గోళ్ళు మళ్ళీ పెరుగుతాయి కదా అన్నాడు. పదిహేను ఇంకా తీయనేలేదు కదా అన్నాడు.

"ఉంచేసుకో గ్లెన్. శాశ్వతంగా," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. అలా మామూలుగా ఉంచడానికి ఎంత కష్టపడ్డాడో నాకు వినిపించింది. ఇదివరకైతే వినిపించేది కాదు.

ఫోన్‌లో జవాబు చెప్పనన్నాను. నోటితో చెప్తే నేను గెలవాలని చూస్తాను. రాసి పంపుతానన్నాను. యూనియన్‌లో ఎలా రాసేవాళ్ళమో అలాగే, డిమాండ్ల పత్రం. రేపు పొద్దున పోస్టులో వేయాలి. చిత్తుప్రతి ఇది.

లైల్ హాడోకి, రింగర్ తరఫునా నా తరఫునా:

1. రింగర్‌ని నాకు వదిలేయడం కుదరదు. ఆసుపత్రి నుంచి నువ్వు నేరుగా ఇక్కడికి రావాలి. ముందుగది ఖాళీ చేశాను. మెట్లు లేవు.

2. రింగర్‌ని ఎవరూ పట్టుకోకూడదు. డాక్టరుతో సహా.

3. ప్రతి కాలికీ ముందు ఓటు. తడి అంటే ఆ రోజుకి పని లేదు. వాదన లేదు. ఇది నాకూ వర్తిస్తుంది.

4. గోటిని వెలుతురుకి పట్టి చూడడం నీ పని. కత్తిరించడం నా పని. నల్లగోళ్ళకి ఇద్దరూ చూడాలి.

5. పని జరుగుతున్నంతసేపు నేను మాట్లాడను. ఆ సమయంలో నువ్వు కూడా బాతుల జోకులు వేయకూడదు.

6. నా వంటకి వంక పెట్టకూడదు. నేర్చుకున్నది నలభైమందికి వండి, ఇద్దరికి వండడం ఇంకా రాదు.

7. ఎనభై మూడు గురించి ఒకసారి మాట్లాడుకోవాలి. పగటిపూట, కూర్చుని. సమ్మె న్యాయమైందే అని ఇప్పటికీ అంటాను. నీ ఇంట్లో అప్పుడు ఏం జరుగుతోందో నువ్వు చెప్పాలి. నేను వినాలి.

8. పబ్ గుమ్మంలో నిన్నన్న మాట వెనక్కి తీసుకోవడానికి నాకు కొంత గడువు కావాలి. తొందరపెట్టకూడదు.